ఆగలేని సీతాకోకచిలుక, కదలలేని మాత్

(రికార్డింగ్ విని టైపు చేసినది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్ళకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి. సరే.

ముందుగా ఒక ప్రశ్న. 2019 మార్చిలో ఇక్కడ కాలిఫోర్నియాలోనే ఉన్నవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. అయితే గుర్తుండే ఉంటుంది, ఆ నెల దక్షిణ కాలిఫోర్నియాలో ఏ ఫ్రీవే ఎక్కినా కారు అద్దం మీద టప్ టప్ మని ఏవో తగిలేవి, దిగి చూస్తే పచ్చపచ్చగా జిగురు మరకలు, వైపర్ వేస్తే ఇంకా పూసుకుపోయేది. గుర్తొచ్చిందా? నవ్వుతున్నారంటే గుర్తొచ్చినట్టే. మా ఇంట్లో అయితే ఆ మరక గోకలేక పెద్ద గొడవే అయింది.

అవి పెయింటెడ్ లేడీ అనే సీతాకోకచిలుకలు. నారింజ రంగు రెక్కలు, కొసలు నలుపు, నలుపులో తెల్ల చుక్కలు. ఆ పచ్చ మరక రక్తం కాదు, కొవ్వు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తిన్నదంతా కొవ్వు చేసి పొట్టలో పెట్టుకుని బయల్దేరతాయి. అంటే మన అద్దం మీద పడింది వాటి పెట్రోలు అన్నమాట.

అదే మార్చిలో, మనలో సగం మంది పువ్వులు చూడ్డానికి కరిజో ప్లెయిన్ అనే పెద్ద గడ్డి మైదానానికి వెళ్ళాం. సూపర్ బ్లూమ్, సూపర్ బ్లూమ్ అని, అంటే వానలు బాగా పడిన ఏడాది ఎండు నేలంతా ఒక్కసారిగా పూయడం, వాట్సాప్ నిండా ఫోటోలు. కొండలన్నీ పసుపు, ఊదా. పువ్వుల మధ్య కూర్చుని ఫోటోలు దిగాం. ఆ పువ్వుల్లోనే, మనం కూర్చున్న ఆ నేలకి జానెడెత్తులో, ఇంకొకటి ఎగురుతూ ఉండి ఉండొచ్చు. అద్దానికి తగలదు, వాట్సాప్‌లోకి రాదు. దాని పేరు కెర్న్ ప్రిమ్‌రోజ్ స్ఫింక్స్ మాత్. ఇవాళ నా మాటంతా ఈ రెండింటి గురించే. ఒకే రాష్ట్రం, ఒకే నెల, ఒకే పువ్వులు. ఒకటేమో కోట్లలో, ఇంకొకటేమో ఉందో లేదో వెతుక్కోవాలి. ఎందుకని?

మాత్ అన్న మాటకి ఒక్క నిమిషం. దీనికి తెలుగులో ఏమనాలో నేను చాలా ఆలోచించాను. చిమ్మట అందామంటే కొందరికి అది బట్టలు కొట్టే పురుగు, కొందరికి రాత్రిపూట అరిచే కీచురాయి. దీపం పురుగు అందామంటే ఈ మాత్ దీపం దగ్గరికి రాదు, ఇది పగలు తిరిగేది. శలభం అంటే పద్యం చదివినట్టుంటుంది. అందుకని మాత్ అనే అంటాను, పెద్దవాళ్ళు ఏమీ అనుకోకండి.

పగలు తిరిగే మాత్ ఏమిటి, మాత్‌లు రాత్రి కదా తిరిగేది అంటారు. నిజమే, ఎక్కువ రకాలు రాత్రివే. కానీ పగలు తిరిగేవీ బోలెడున్నాయి. సీతాకోకచిలుకకి మీసాల చివర చిన్న గుండు ఉంటుంది, మాత్‌లకి సాధారణంగా ఉండదు, అదొక తేడా. అంతకుమించి ఆ తేడాల్లోకి వెళ్ళను, నాకు ఆ పట్టిక చెప్పడం బోరు, మీకు వినడం బోరు.

ఈ మాత్ చూడ్డానికి ఎలా ఉంటుందంటే, చిన్నది, బలిష్ఠంగా ఉంటుంది, ముందు రెక్కలు బూడిద రంగు, వెనక రెక్కలు తెల్లగా ఉండి అంచున నలుపు. నేల మీద వాలితే మట్టిలో కలిసిపోతుంది. లేచిందంటే వేగంగా, నేలని రాసుకుంటూ పోతుంది, తుమ్మెద పోయిందేమో అనుకుంటారు. పొద్దున్నే ఖాళీ మట్టి మీద, బండ్లు పోయే మట్టి దారుల మీద కూర్చుని ఎండ కాచుకుంటుంది. ఒళ్ళు వేడెక్కితేగానీ ఎగరలేదు.

దీన్ని 1888లో హెన్రీ ఎడ్వర్డ్స్ అనే ఆయన వర్ణించి పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు దాని జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1974లో మళ్ళీ దొరికింది. ఎక్కడ? బేకర్స్‌ఫీల్డ్‌కి తూర్పున, కొండల మధ్య గిన్నెలా ఉండే వాకర్ బేసిన్ అనే చోట. ఏ పెద్ద అడవిలోనో దొరికింది అనుకునేరు, అది ప్రైవేటు భూమి, బార్లీ వేసే పొలం! ఎనభై ఏళ్ళు పైగా పుస్తకాల్లో మాత్రమే ఉన్న జీవి ఒకరి పొలంలో హాయిగా ఎగురుతోంది.

1980 ఏప్రిల్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దాన్ని ఎండేంజర్డ్ స్పీషీస్ చట్టం కింద 'థ్రెటెన్డ్' జాబితాలో పెట్టింది. ఎండేంజర్డ్ అంటే పోయే అంచున ఉన్నది, థ్రెటెన్డ్ అంటే ఇలాగే వదిలేస్తే ఆ అంచుకి చేరేది. జాబితాలో పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఒకటి పొలం పనులు, ఇంకొకటి ఏమిటో ఊహించగలరా? సేకరించేవాళ్ళు. అవును. దొరికిందని తెలియగానే వలలు పట్టుకుని వచ్చేవాళ్ళుంటారు, పిన్ను గుచ్చి పెట్టెలో పెట్టుకోడానికి. అరుదైనదంటే దానికి రేటు ఎక్కువ కదా. పోయిందనుకున్నన్నాళ్ళూ బాగానే బతికింది, దొరికాక కష్టాలు మొదలయ్యాయి అని నాకనిపిస్తుంది, కొంచెం అతిశయోక్తే అనుకోండి.

తర్వాత, ఈ 2000ల తర్వాత, కరిజో ప్లెయిన్‌లోనూ దాని పక్కన కుయామా లోయలోనూ కూడా ఉందని బయటపడింది. ఇది నిజంగా మంచి వార్త. కరిజో ప్లెయిన్ 2001 నుంచి నేషనల్ మాన్యుమెంట్, రెండు లక్షల ఎకరాలకు పైగా ఉంటుంది, అక్కడ ఎవరూ కొత్తగా దుక్కి దున్నరు. అంటే మొత్తం బరువు ఒక్క పొలం మీదే లేదన్నమాట.

ఇప్పుడు పెయింటెడ్ లేడీ సంగతికొద్దాం. దాని గురించి చెప్పాలంటే ఎక్కడ ఉందో చెప్పడం కన్నా ఎక్కడ లేదో చెప్పడం తేలిక. అంటార్కిటికాలో లేదు. దక్షిణ అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ చాలావరకు లేదు. మిగతా అంతటా ఉంది. ఆఫ్రికా, ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా, మన దేశంలో కూడా ఉంది, అక్కడ మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు, పేరు తెలియదు అంతే.

ఇది అంతలా ఎలా పరుచుకుంది? మొదటి కారణం తిండి. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు వందకు పైగా రకాల మొక్కలు తింటుంది. ముళ్ళ తిసిల్ అంటే బాగా ఇష్టం, దాని శాస్త్రీయ నామంలో కార్డుయై అన్న మాట ఆ తిసిల్ నుంచి వచ్చిందే, 1758లో లిన్నేయస్ పెట్టాడు, జీవులకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చినాయన. తిసిల్ లేకపోతే మాలో, అదీ లేకపోతే లూపిన్, అదీ లేకపోతే ఫిడిల్‌నెక్. ఏది పెడితే అది తినే పిల్లాడు లాంటిది. ముందు వరసలో అమ్మలు నవ్వుతున్నారు, అలాంటి పిల్లలు మనింట్లో ఎవరికీ లేరు కదా!

మరి మన మాత్? దాని గొంగళిపురుగు తినేది సన్‌కప్ అనే మొక్క. నేలకి అంటుకుని పెరిగే చిన్న మొక్క, పసుపుపచ్చ పువ్వు, ఇసుక నేలల్లో ఉంటుంది. ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ కుటుంబం, అందుకే మాత్ పేరులో ప్రిమ్‌రోజ్. అంతే, అదే దాని అన్నం. కెర్న్ అన్నది వాకర్ బేసిన్ ఉన్న కౌంటీ పేరు, ప్రిమ్‌రోజ్ అన్నది తిండి పేరు. పేరులోనే రెండు గోడలు కట్టేశారు చూడండి, ఎక్కడ ఉండాలో ఒకటి, ఏం తినాలో ఒకటి.

ఇక్కడ ఒక విషాదం ఉంది, అది చెప్పాలి. ఫిలరీ అని ఒక కలుపు మొక్క ఉంది. మీరు పేరు వినకపోయినా మీ సాక్సులకి తెలుసు. హైకింగ్ వెళ్ళొచ్చాక సాక్సుల్లో గుచ్చుకుని ఉంటుందే, సూదిలాంటి గింజ, వెనక మర మేకులా మెలి తిరిగిన తోక, ఆ తోక తడికి విప్పుకుంటూ ఎండకి చుట్టుకుంటూ గింజని నేలలోకి తనంతట తానే దింపేస్తుంది. అద్భుతమైన ఏర్పాటు. ఈ మొక్క ఇక్కడిది కాదు, మధ్యధరా ప్రాంతం నుంచి స్పానిష్ వాళ్ళతో పాటు, వాళ్ళ పశువులతో పాటు వచ్చింది. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. వాకర్ బేసిన్‌లో ఈ మాత్‌ని గమనించినవాళ్ళు ఏం రాశారంటే, తల్లి మాత్ పొరబడి ఫిలరీ మీద గుడ్లు పెడుతోందని. పిల్ల పుట్టి ఆ ఆకు తినలేదు, నడిచి పక్క మొక్కకి చేరేంత బలమూ ఉండదు. అంతే.

తల్లి తప్పు కాదది. లక్షల ఏళ్ళుగా ఆ నేలలో ఆ వేళకి అలా కనబడే చిన్న మొక్క మీద గుడ్డు పెడితే సరిపోయేది. మధ్యలో మనిషి ఇంకో మొక్క తెచ్చి పక్కన పెట్టాడు, దానికి ఎవరు చెబుతారు?

సరే, ఇప్పటిదాకా చెప్పింది మామూలు సంగతే. అన్నీ తినేది బాగుంది, ఒకటే తినేది కష్టపడుతోంది. ఇది ఎవరైనా చెబుతారు. నాకు అసలు ఆసక్తి కలిగించింది ఇది కాదు. కొంచెం మంచినీళ్ళు తాగుతాను, ఆగండి.

ఆ. ఈ రెండింటికీ ఉన్న సమస్య ఒక్కటే. వాన. ఎడారి వాన. ఒక ఏడాది పడుతుంది, మూడేళ్ళు పడదు. వాన పడితే మొక్క, మొక్క ఉంటే పిల్ల. పడని ఏడాది ఏం చెయ్యాలి?

రెండు దారులున్నాయి. ఒకటి, వాన ఉన్న చోటికి పోవడం. రెండు, వాన వచ్చేదాకా ఆగడం. అంతే కదా, మనకైనా అంతే. కరువొస్తే వలస పోతాం, లేకపోతే ఉన్నదేదో పట్టుకుని కూర్చుంటాం.

పెయింటెడ్ లేడీ పోయే రకం. చాలా రకాల పురుగులు చలికాలమో, కరువుకాలమో ఏదో ఒక దశలో నిద్రపోతాయి, గుడ్డుగానో, గొంగళికీ రెక్కలకీ మధ్య కదలకుండా ఉండే ప్యూపాగానో. ఇది ఏ దశలోనూ నిద్రపోలేదు. దాని ఒంట్లో ఆ ఏర్పాటే లేదు. గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కలు, మళ్ళీ గుడ్డు, ఓ నెల రోజుల్లో చక్రం తిరిగిపోతుంది. కాబట్టి తిండి అయిపోతే పోవాల్సిందే. చలికాలంలో మెక్సికో సరిహద్దు ఎడారుల్లో వాన బాగా పడి మొక్కలు లేచాయనుకోండి, అక్కడ పుట్టి, కొవ్వు పట్టించి, వాయవ్యానికి బయల్దేరతాయి. దారిలో మేడ అడ్డం వస్తే పక్క నుంచి పోవు, మీద నుంచి పోతాయి. 2005లో ఇలాంటి వలసే వచ్చినప్పుడు వంద కోట్ల దాకా ఉంటాయని అంచనా వేశారు. కొన్నేళ్ళు అలా. మరి కొన్నేళ్ళు వెతికినా కనబడవు.

ఐరోపాలో ఇంకా చిత్రం. ఆఫ్రికా నుంచి బ్రిటన్ దాకా, ఇంకా ఉత్తరానికీ పోతాయని ఎప్పటినుంచో తెలుసు, తిరిగి పోవడం మాత్రం ఎవరికీ కనబడేది కాదు, అక్కడే చలికి చచ్చిపోతాయేమో అనుకున్నారు. 2009లో రాడార్ పెట్టి చూస్తే తేలింది, ఆకురాలు కాలంలో అవి ఐదొందల మీటర్ల ఎత్తున పోతున్నాయి, కింద నిలబడి చూస్తే ఎలా కనబడతాయి? ఆ ఏడాది బ్రిటన్‌లోకి వచ్చినవి కోటీ పది లక్షలు, వెళ్ళినవి రెండు కోట్ల అరవై లక్షలు. వచ్చినవాటికన్నా వెళ్ళినవే ఎక్కువ, చూశారా, దారిలో పిల్లల్ని కని పంపాయి. ఆఫ్రికా నుంచి పైకి వెళ్ళి మళ్ళీ దిగడం ఏ ఒక్క సీతాకోకచిలుకా చెయ్యదు, ఆరు తరాలదాకా పడుతుంది. ముత్తాత బయల్దేరితే మునిమనవరాలు చేరుతుంది. దారి మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకొకటి కూడా చెప్పి ఆపుతాను. 2013 అక్టోబరులో దక్షిణ అమెరికాలో ఫ్రెంచ్ గయానా బీచ్‌లో కొన్ని పెయింటెడ్ లేడీలు వాలి ఉన్నాయి, రెక్కలు చిరిగిపోయి. అక్కడ ఈ జాతే ఉండదు. ఎక్కడివి? ఒంటి మీది పుప్పొడి, రెక్కల రసాయనం, జన్యువులు, అన్నీ పరీక్ష చేసి పదేళ్ళ తర్వాత, 2024లో తేల్చారు, పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి వచ్చాయని. నాలుగువేల రెండొందల కిలోమీటర్లు. గాలి సాయం చేసింది, అయినా సముద్రం మీద వాలడానికి ఆకు కూడా ఉండదు కదండీ.

ఇవన్నీ వింటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. మరి మన మాత్ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. ఆగింది.

గొంగళి కొన్ని వారాలు తిని మట్టిలోకి దిగి ప్యూపా అవుతుంది. వచ్చే ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ మొదలు దాకా దానికి కొద్ది వారాల గడువు, అప్పుడే బయటకి రావాలి. ఆ ఏడాది వానలు బాగా లేకపోతే? రాదు. మట్టిలోనే ఉండిపోతుంది. ఇంకో ఏడాది. అదీ బాగాలేకపోతే ఇంకో ఏడాది. నేలలో, చీకట్లో, తిండి లేకుండా, ఎప్పుడు లేవాలో తెలుసుకుని. నేనంటాను, ఇదీ ప్రయాణమే. ఆ సీతాకోకచిలుక కరువుని మైళ్ళు ఎగిరి దాటుతుంది, ఈ మాత్ అదే కరువుని ఏళ్ళు పడుకుని దాటుతుంది. ఒకటి స్థలంలో ప్రయాణం చేస్తోంది, ఇంకొకటి కాలంలో. ఏది గొప్ప అంటే నేను చెప్పలేను, కానీ రెండో దానికి ఎవరూ రాడార్ పెట్టలేదు.

అయితే ఈ రెండో ప్రయాణంలో చిక్కేమిటో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. పోయేదానికి నేల పాడైతే ఇంకో నేల ఉంది. ఆగేదానికి? అది పడుకున్న నేల అలాగే ఉండాలి. మూడేళ్ళ నిద్రలో రెండో ఏడు ఎవరో నాగలి వేశారనుకోండి, ట్రాక్టరు తోలారనుకోండి, ఇల్లు కట్టారనుకోండి, అంతే సంగతులు. కరువుకి తట్టుకునే ఏర్పాటు చేసుకుంది, పాపం దుక్కికి చేసుకోలేదు.

లెక్కపెట్టడం కూడా అందుకే కష్టం. ఈ ఏడు ఒక్కటీ కనబడలేదంటే లేవనా, పడుకున్నాయనా? తవ్వి చూద్దామా? తవ్వితే చస్తాయి. పెయింటెడ్ లేడీని లెక్కపెట్టడానికి రోడ్డు పక్కన కుర్చీ వేసుకుంటే చాలు.

ఒక మాట మధ్యలో. కోట్లలో ఉంది కదా దానికేం భయం అంటారు కొందరు. మిడతల దండు కథ విన్నారా? రాకీ పర్వతాల మిడత అని ఉండేది ఈ దేశంలో. 1870ల్లో అవి లేస్తే సూర్యుడు కనబడేవాడు కాదు. 1902 తర్వాత ప్రాణంతో ఒక్కటి కూడా దొరకలేదు. ముప్పై ఏళ్ళు. ఎందుకు పోయాయి అన్నదానికి బాగా ఒప్పుకుంటున్న వివరణ ఏమిటంటే, అవి గుడ్లు పెట్టేది కొండ లోయల్లో నదుల పక్క నేలల్లో, సరిగ్గా అక్కడే రైతులు వచ్చి దున్నారు, నీళ్ళు పారించారు. దేశమంతా ఎగిరేదే గానీ దానికీ కాలు మోపే నేల చిన్నదే. మళ్ళీ నాగలి, మళ్ళీ మట్టి. నేను రైతుని తిట్టడం లేదు, మా తాత రైతే. గుడ్డు మట్టిలో ఉందని ఆయనకి ఎలా తెలుస్తుంది?

ప్రశ్నలకి టైమ్ ఉందన్నారు. చెప్పమ్మా. పాప అడుగుతోంది, స్కూల్లో కప్పులో గొంగళిపురుగుల్ని పెంచి సీతాకోకచిలుకల్ని వదిలాం, అవి ఇవేనా అని. ఇవే! అమెరికాలో స్కూళ్ళకి కిట్‌లో వచ్చేది ఎక్కువగా పెయింటెడ్ లేడీనే. పోస్టులో వస్తుంది, ఏది పెట్టినా తింటుంది, నెలలో ఎగురుతుంది, మూడో క్లాసు పిల్లలకి ఇంకేం కావాలి? మరి మాత్‌ని పెంచచ్చా? పెంచకూడదమ్మా, ముట్టుకోవడానికే ప్రభుత్వం అనుమతి కావాలి. అనుమతి ఉన్నా మూడేళ్ళు కప్పులో మట్టి చూస్తూ కూర్చోవాలేమో, నీకప్పటికి మిడిల్ స్కూల్ వచ్చేస్తుంది.

నేను చూశానా అని అడుగుతున్నారు. లేదండీ. నాలుగుసార్లు వెళ్ళాను. మూడోసారి చూశాననే అనుకున్నాను, మట్టి దారి మీద బూడిద రంగులో ఏదో కూర్చుంది, చేతులు వణుకుతూ ఫోటో తీశాను, తెలిసినాయనకి పంపిస్తే పెద్ద ఈగ అని జవాబు వచ్చింది. ఇంట్లో ఇప్పటికీ దాన్ని 'నాన్న మాత్' అంటారు.

ఈసారి మార్చిలో మళ్ళీ వెళ్తున్నాను, రావాలనుకుంటే పేరు ఇవ్వండి. కరిజోలో పెట్రోలు బంకు లేదు, తిండి దొరకదు, ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. వాన పడిన మర్నాడు మాత్రం వద్దు, సోడా లేక్ రోడ్డులో మట్టి ఉన్న చోట కార్లు కూరుకుపోతాయి, మేం ఒకసారి మూడు గంటలు అక్కడే ఉన్నాం. పువ్వుల్లోకి దిగి ఫోటోలు తీసుకోవడం ఈసారి మానేద్దాం, దారి మీదే నిలబడదాం. అయినా మాత్ కూర్చునేది కూడా ఆ మట్టి దారి మీదేనని చెప్పాను కదా, అందుకని పొద్దున పది గంటల వేళ కారు బాగా నెమ్మదిగా పోనివ్వాలి, వెనకాల హారన్ కొట్టినా సరే. ఇంకెవరైనా అడుగుతారా? లేకపోతే టీ వచ్చినట్టుంది.